రిజిస్టరులో ఏడో పేరు

ఆ ఏడు వాన కోసం మొక్కని ఇల్లు తాలూకాలో లేదు. పల్లెల్లో కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోశారు. ఈద్గా మైదానంలో వాన నమాజు జరిగింది. మొగుణ్ణి బండి మీద ఆ నమాజుకు పంపి, మేరాజ్ బీ గడపలో కూర్చుని ఆకాశం వైపు చూసింది. ఎక్కడా మబ్బు లేదు. ఆమె గుండె కాస్త కుదుటపడింది. మరుక్షణమే తన మీద తనకే భయం వేసింది. పైర్లు మాడిపోయి, పశువులు సంతలకు తరలిపోతున్న కాలంలో వాన ఇంకొన్నాళ్ళు రాకపోతే బాగుండునని కోరుకునే మనిషి ఆ చుట్టుపక్కల తానొక్కతే. అలా ఎందుకు కోరుకోవలసి వచ్చిందో మొదటి నుంచి చెప్పాలి.

మేరాజ్ బీ గుట్టకిందపల్లెలో దూదేకులవాళ్ళ ఇంటి కోడలు. పత్తి తీతలు అయ్యాక మొగుడు ఇమాంసాబ్ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. వెనకే ఆమె వెళ్ళి పరుపులూ బొంతలూ కుట్టేది. పదేళ్ళు అలా తిరిగేసరికి ఏడెనిమిది ఊళ్ళలో ఆమెను ఎరగని ఆడమనిషి లేకపోయింది. ఏ ఇంట్లో పరుపు ఎన్ని శేర్ల దూదిదో, ఏ ముసలమ్మకు ఏ పక్క నడుము నొప్పో కూడా ఆమె చెప్పగలిగేది. దూది నూగు పీల్చీ పీల్చీ ఇమాంసాబ్ ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగడుగులు వేస్తే దగ్గు తెర ఆగేది కాదు. పంతొమ్మిది వందల అరవై రెండు వచ్చేసరికి విల్లు గోడకు తగిలించేశాడు. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. పిల్లలు లేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పంచాయతీ సమితి ఆఫీసువాళ్ళు పల్లెల్లో పొగగొట్టం పొయ్యిలు వేయించడం మొదలుపెట్టారు. అక్కడివి దంతెలనే కర్ర దూలాల మీద చవుడు మట్టి పరిచిన మిద్దెలు. వంటింటికి కిటికీ ఉండదు. కప్పులో ఒక చిన్న గవాక్షం ఉంటే అదే గొప్ప. పొద్దున కందికట్టెలు అంటించిన ఆడమనిషి మధ్యాహ్నానికి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని బయటికి వచ్చేది. పొయ్యిని నాలుగు వైపులా మూసి కట్టి, వెనక నుంచి రేకు గొట్టాన్ని మిద్దె మీదికి తీస్తే పొగంతా పైకే పోతుంది. ఖర్చు సగం సమితిది, సగం ఇంటివాళ్ళది. పని చేసిపెట్టే కాంట్రాక్టు జయరాముడనే ఆయనకు వచ్చింది.

అయితే జయరాముడు పంపిన మగవాళ్ళను ఎవరూ పంచ దాటనివ్వలేదు. పరాయి మగవాడికి వంటిల్లు ఎవరు చూపిస్తారు? ఎవరో మేరాజ్ బీ పేరు చెబితే అతనే వెతుక్కుంటూ గుట్టకిందపల్లె వచ్చాడు. తనకు పొయ్యిల సంగతి తెలియదని ఆమె చెప్పింది.

"పొయ్యి సంగతి మేస్త్రి మద్దిలేటి చూసుకుంటాడు. నువ్వు మాట్లాడితే చాలు. నీ మాట మీద ఆడోళ్ళకు గురి ఉండాది" అన్నాడు జయరాముడు.

కానీ ఊరికే మాట్లాడటానికి వీల్లేదు. అంతకు రెండేళ్ళ ముందు పొరుగు జిల్లావాడొకడు మిద్దెలకు సిమెంటు పూత వేయిస్తానని ఊళ్ళలో బయానాలు పుచ్చుకుని కనపడకుండా పోయాడు. అప్పటినుంచి సమితివాళ్ళు ఒక రిజిస్టరు పెట్టారు. ఇళ్ళ మరమ్మతు పనులకు కాంట్రాక్టర్ల తరఫున ఇంటింటికీ వెళ్ళి మాట్లాడేవాళ్ళు అందులో పేరు రాయించుకోవాలి. ఫోటో అంటించిన కార్డు దగ్గర ఉండాలి. కార్డు మీద కాంట్రాక్టరు పేరు కూడా ఉంటుంది.

ఆఫీసులో గుమాస్తా లక్ష్మన్న ఆమెను బల్ల ముందు నిలబెట్టి నిబంధనలు మొత్తం చదివి వినిపించాడు. ఒక మనిషి ఒకే కాంట్రాక్టరు తరఫున మాట్లాడాలి. ప్రతి ఒప్పందం మీదా ఆ మనిషి పేరూ నంబరూ ఉండాలి. పని చెడితే ఇద్దరూ సంజాయిషీ చెప్పుకోవాలి. మానుకోవాలంటే కాంట్రాక్టరు విడుదల చీటీ రాసివ్వాలి. రిజిస్ట్రేషన్ మూడేళ్ళు చెల్లుతుంది. మేరాజ్ బీ అన్నింటికీ తల ఊపింది. దొంగలు రాకుండా పెట్టిన కట్టుబాట్లు తనకు అడ్డమవుతాయని ఆమె ఎందుకు అనుకుంటుంది?

ఫోటో కోసం మొదటిసారి స్టూడియోలో కూర్చుంది. కొంగు నుదుటి మీద నుంచి కొంచెం వెనక్కి తీసుకోమని ఫోటో ఆయన అంటే సిగ్గుతో చెమటలు పట్టాయి. వేలిముద్రకని లక్ష్మన్న సిరా దిండు తీస్తుంటే, వద్దని కలం అడిగి పుచ్చుకుని తెలుగులో తన పేరు రాసింది. రిజిస్టరులో అది ఏడో పేరు. మొదటి ఆరూ మగవాళ్ళవి. ఆ సాయంత్రం ఇమాంసాబ్ కార్డును తిప్పి తిప్పి చూసి, పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించాడు. కార్డు ఇంట్లో ఉంటే ఎక్కడైనా పోతుందని మర్నాడే జయరాముడు తీసుకుని తన పెట్టెలో పెట్టుకున్నాడు. ఊళ్ళకు వెళ్ళే రోజు ఇచ్చి, తిరిగి వచ్చాక పుచ్చుకునేవాడు.

ఆమె మాట్లాడే తీరు ఎవరూ నేర్పింది కాదు. వంటింట్లోకి రానిచ్చే ఇళ్ళలో పొయ్యి పక్కనే, రానివ్వని ఇళ్ళలో గడప అవతల కూర్చునేది. చేటలో వేరుశనక్కాయలుంటే తనూ చెయ్యి వేసి ఒలిచేది. పొగ కమ్ముకున్నప్పుడు ఇంటావిడతో పాటు తనూ దగ్గేది. పొయ్యి మాట చాలాసేపటి తర్వాత గానీ ఎత్తేది కాదు. మొదట వేయించుకున్నది తిప్పమ్మ అనే విధవరాలు. నెల తిరిగేసరికి తిప్పమ్మ అత్తగారు కళ్ళ మంటలు తగ్గి సూదిలో దారం ఎక్కించిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ తర్వాత మేరాజ్ బీ అడగనక్కరలేకపోయింది. వాళ్ళే పిలిచారు. మూడేళ్ళు నిండకముందే నలభై ఒక్క పొయ్యిలు లేచాయి. బతుకులో ఇంత మంచి పని చేస్తాననుకోలేదని ఆమె మొగుడితో అనేది.

ఆ మూడేళ్ళలో మొదటి ఏడే కాస్త వాన పడింది. తర్వాత చుక్క లేదు.

అరవై అయిదు ఫిబ్రవరిలో మేస్త్రి మద్దిలేటి జయరాముడి దగ్గర పని మానేశాడు. సొంతంగా లైసెన్సు తీసుకుని, ఆ సంగతి చెప్పడానికి గుట్టకిందపల్లె వచ్చి మేరాజ్ బీ వాకిట్లో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. గొట్టం మిద్దెను చీల్చుకుని పోయేచోట చుట్టూ సున్నపు గచ్చు దట్టంగా కూరాలి. మొదటి పన్నెండు ఇళ్ళలో అలాగే చేశారు. తర్వాత కరువు వచ్చి సున్నం పొంగించడానికి నీళ్ళు మూడు మైళ్ళ దూరం నుంచి బండ్ల మీద తోలవలసి వచ్చింది. జయరాముడు ఎర్రమట్టి కూరి పైన సున్నం పూసేయమన్నాడు. మిగిలిన ఇళ్ళన్నీ అలాగే పూసేశారు.

"వాన పడితే ఏమైతాది?" అని అడిగింది ఆమె.

"మట్టి కరిగిపోతాది. గొట్టం పక్కనించి నీళ్ళు చవుట్లోకి దిగుతాయి. రెండు వానలకు దంతెలు నాని కూలబడతాయక్కా. నా చేత్తోనే పెట్టినా. నీకు చెప్పకుంటే నిద్ర పట్టడం లేదు."

అప్పటినుంచి నిద్ర పట్టనిది ఆమెకు. మర్నాడే జయరాముడి దగ్గరికి వెళ్ళి, గొట్టాలన్నీ విప్పి మళ్ళీ గచ్చు పెట్టించమంది. తాగడానికి నీళ్ళు లేనప్పుడు గచ్చుకు ఎక్కడ తేవాలని అతను అడిగాడు. అదీ నిజమే. వానలు పడ్డాక చూద్దామన్నాడు. వానలు పడ్డాక చూసేదేముంటుందని ఆమె అంది. అయితే తనను వదిలేయమని, విడుదల చీటీ రాసిమ్మని అడిగింది.

"చీటీ రాస్తే నువ్వెందుకు పోతాండావని ఆఫీసులో అడుగుతారు. ఏమని చెప్పేది? కాగితాల మీద నా పేరు ఒక్కటే లేదు తల్లీ. ప్రతిదాంట్లో ఏడో నంబరు ఉండాది. పోయి పని చూసుకో" అన్నాడు జయరాముడు. గొంతు పెంచలేదు. తాగి పొమ్మని కాఫీ కూడా తెప్పించాడు.

అక్కడి నుంచి ఆమె లక్ష్మన్న దగ్గరికి వెళ్ళింది. లక్ష్మన్న చెడ్డవాడు కాదు. పుస్తకం తీసి ఓపిగ్గా చూశాడు. ఫిర్యాదు ఇంటివాళ్ళే ఇవ్వాలన్నాడు. అదీ పని చెడిన తర్వాతే ఇవ్వాలి. వాన లేనప్పుడు మిద్దె కారడం లేదు కాబట్టి చెడినట్టు లెక్క కాదు. మరి తనే అర్జీ పెట్టుకుంటానని ఆమె అంది.

"నువ్వు కాంట్రాక్టరు మనిషివమ్మా. కాంట్రాక్టరు మనిషి కాంట్రాక్టరు మీద అర్జీ పెట్టేదానికి ఇందులో దారి లేదు" అన్నాడు లక్ష్మన్న. ఆమె ముఖం చూసి జాలిపడి, మే నెలాఖరుకు మూడేళ్ళు నిండుతాయనీ, అప్పుడు పేరు దానంతటదే రద్దవుతుందనీ చెప్పాడు. మూడు నెలలు ఓపిక పడితే చాలు. తర్వాత మద్దిలేటి దగ్గర చేరినా అడిగేవాళ్ళుండరు.

ఆ మూడు నెలలే ఆమె జీవితంలో తలుచుకోవడానికి ఇష్టపడని రోజులు. ఇమాంసాబ్‌కు రక్తం పడటం మొదలైంది. వారం వారం ఆస్పత్రికి పోవాలి, దానికి డబ్బు కావాలి. జయరాముడు కబురు పెడితే వెళ్ళక తప్పలేదు. అన్నీ తెలిసి కూడా మరో నాలుగు ఇళ్ళలో పొయ్యిలు ఒప్పించింది. మునుపటిలా మాట్లాడేది కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది. అయినా వాళ్ళు నమ్మారు. ఆమె మీద ఆ నమ్మకం ఎప్పుడో కుదిరిపోయింది.

నాలుగో ఇల్లు అక్కమ్మది. కొండ అవతల చివరి ఊరు. అక్కమ్మకు ఇరవై రెండేళ్ళుంటాయి. కొత్తగా వేరుపడి కాపురం పెట్టుకుంది. మేరాజ్ బీని వంటింట్లోకి తీసుకుపోయి, గొట్టం ఎక్కడ వస్తుందో చూపించమని, కప్పు వైపు తలెత్తి చూసింది.

"మిద్దెకు బొక్క పెడతారు గదా మేరాజక్కా, వానొస్తే కారుతాదా?"

అంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. గడప దగ్గర జయరాముడి కొత్త మేస్త్రి కొలత తాడుతో నిలబడి వింటున్నాడు.

"కారదు" అంది.

అక్కమ్మ సంతోషంగా తల ఊపి మజ్జిగ ఇచ్చింది. మేరాజ్ బీ అది తాగలేక తాగింది.

జూన్ ఒకటో తారీఖున ఆమె తెల్లవారగానే బయలుదేరి సమితి ఆఫీసుకు వెళ్ళింది. లక్ష్మన్న రిజిస్టరు తిరగేశాడు. ఏడో పేరు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏప్రిల్‌లోనే మరో మూడేళ్ళకు పొడిగించి ఉంది. కార్డు దగ్గర ఉన్న కాంట్రాక్టరు తన మనిషి తరఫున పొడిగింపు కట్టవచ్చునని నిబంధన. సెలవులో ఉన్నందున తను చూడలేదని లక్ష్మన్న అన్నాడు. తన సంతకం అక్కరలేదా అని ఆమె అడిగింది. మొదటిసారికే కావాలి, పొడిగింపుకు అక్కరలేదని అతను నెమ్మదిగా చెప్పాడు. ఆమె బయటికి వచ్చి వరండాలో కూర్చుంది. బంట్రోతు వచ్చి ఎవరి కోసమని అడిగేదాకా లేవలేదు.

ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. ఇమాంసాబ్ దగ్గు ఆగేదాకా ఆగి, "నాతో చెప్పినట్టే వాళ్ళతోనూ చెప్పు" అన్నాడు. అంతకు మించి మాట్లాడే శక్తి అతనికి లేదు.

ఆమె చెప్పడానికే బయలుదేరింది. మొదట తిప్పమ్మకు చెప్పింది. తిప్పమ్మ పొయ్యి గచ్చుతో కట్టిందే కాబట్టి ఆమెకు భయం లేదు, అయినా మిగతావాళ్ళ దగ్గరికి తోడుగా వచ్చింది. కొందరు తిట్టారు. బయమ్మ అనే పెద్దావిడ వాకిలి ఊడుస్తున్న చీపురు ఆమె ముందు విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి తనే బయటికి వచ్చి, ఇప్పుడేం చేయాలో చెప్పమంది.

చేయాల్సింది మద్దిలేటి నేర్పాడు. వేరే కాంట్రాక్టరు పనిని అతను ముట్టుకోకూడదు. అతని తరఫున ఆమె ఒక్క మాట మాట్లాడినా నేరమే. అందుకని అతను ఏ ఇంటికీ రాలేదు. తన సున్నం గానుగ దగ్గరే ఆమెకు చూపించాడు. కాల్చిన సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోసి ఎలా పొంగించాలో, ఇసుక ఎంత కలపాలో, గానుగలో ఎంతసేపు తిప్పాలో, బెల్లం నీళ్ళు ఎప్పుడు పోయాలో చూసి నేర్చుకుంది. నీళ్ళు మాత్రం ఎవరింటివాళ్ళు వాళ్ళే తెచ్చుకోవాలి. ఎండిన చెరువులో చెలమ తవ్వి, చిప్పతో తోడి, రెండు రోజులకు ఒక కడవ చొప్పున ఆడవాళ్ళు పక్కన పెట్టారు. మేరాజ్ బీ కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కి, గొట్టం చుట్టూ ఎర్రమట్టి గీకి తీసి గచ్చు కూరేది. మొదటి రెండు ఇళ్ళలో పగుళ్ళు వచ్చాయి. మళ్ళీ తీసి పెట్టింది. సున్నానికి వేళ్ళు చీలి రక్తం కారేవి.

జయరాముడికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. దారిలో ఎదురై ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు ముట్టుకున్న తర్వాత ఏం చెడినా అది నీ తప్పే అయితాది. నేను చెప్పలేదనుకోవద్దు."

అది ఉత్త బెదిరింపు కాదనీ, పుస్తకంలో అలాగే రాసి ఉందనీ ఆమెకు తెలుసు. చెయ్యకపోతే ఆ ఇళ్ళు కూలతాయి. చేస్తే తప్పు తన నెత్తికి వస్తుంది. అయినా నిచ్చెన దించలేదు. సెప్టెంబరు మొదటి వారానికి పంతొమ్మిది ఇళ్ళు పూర్తయ్యాయి. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.

ఆ పద్నాలుగింటిలో అక్కమ్మ ఇల్లు ఒకటి. కొండ అవతల ఊరు దూరమని మేరాజ్ బీ అందరికీ చెప్పింది. దూరం ఒక్కటే కారణం కాదు. మిగతా ఇళ్ళలో ఆమె తెలియక ఒప్పించింది, చివరి మూడిళ్ళలో ఎవరూ అడగలేదు. అక్కమ్మ దగ్గర తెలిసి, కళ్ళలోకి చూసి కారదని చెప్పింది. వచ్చే వారం వెళ్దాం, ఈ రెండిళ్ళూ కానిచ్చి వెళ్దామని వాయిదా వేస్తూ వచ్చింది. తిప్పమ్మ రెండుసార్లు గుర్తు చేసింది కూడా.

సెప్టెంబరు రెండో వారంలో వాన మొదలైంది. పొద్దున్నే పట్టి మూడు రోజులు విడవకుండా కొట్టింది. జనం వీధుల్లోకి వచ్చి తడిశారు. వంకలు పొంగి దారులు తెగాయి. గచ్చు పెట్టిన ఇళ్ళన్నీ నిలబడ్డాయి. పెట్టనివి కారాయి. నాలుగో రోజు వంక దాటగలిగినప్పుడు మేరాజ్ బీ ముందుగా కొండ అవతలికే పరుగెత్తింది. అక్కమ్మ వంటింటి కప్పులో సగం లేదు. ముందు రోజు మధ్యాహ్నం అన్నం కుండ దించుతుండగా రెండు దంతెలు విరిగి, నానిన చవుడంతా పొయ్యి మీదా ఆమె మీదా పడింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కట్టు కట్టి పంచలో పడుకోబెట్టారు. మేరాజ్ బీని చూసి అక్కమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అక్కమ్మ మొగుడు అర్జీ పెట్టాడు. మరుసటి నెలలో విచారణ జరిగింది. అధికారి ముందు జయరాముడు నీళ్ళ కరువు గురించి చెప్పాడు, తన మనిషి తనకు తెలియకుండా పంతొమ్మిది మిద్దెలు తవ్విందని చెప్పాడు. రెండూ నిజాలే. ఆ పంతొమ్మిదీ కారలేదు కదా అని బయటి నుంచి బయమ్మ అరిచింది గానీ, ఆమెను లోపలికి పిలవలేదు. మద్దిలేటి వచ్చి మట్టి కూరింది తన చేత్తోనేనని ఒప్పుకున్నాడు. అధికారి మేరాజ్ బీని ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు.

"అక్కమ్మ మిద్దె నేను ముట్టుకోలేదు సార్. ముట్టుకోకపోవడమే నా తప్పు. కారదని చెప్పింది నేనే" అంది ఆమె.

లక్ష్మన్న అది రాసుకున్నాడు. తీర్పు వారానికి వచ్చింది. మిగిలిన మిద్దెలకు కాంట్రాక్టరు తన ఖర్చుతో గచ్చు పెట్టించాలి, అక్కమ్మ వంటిల్లు తిరిగి కప్పించాలి. తెలిసి అబద్ధం చెప్పినందుకు ఏడో నంబరు పేరు కొట్టివేయాలి, అయిదేళ్ళు ఎవరి తరఫునా ఆ పేరు రాయకూడదు. తీర్పులో ఉన్నట్టే జయరాముడు చేయించాడు. నెల తిరగకుండా అతనికి కొత్త మనిషి దొరికాడు. లక్ష్మన్న ఎర్ర సిరాతో ఆమె పేరు మీద గీత గీస్తుంటే మేరాజ్ బీ నిలబడి చూసింది. కార్డు మీది ఫోటో అయినా ఇమ్మని అడిగింది. ఫైలులో ఉండాలమ్మా అన్నాడు. ఇన్నాళ్ళూ విడుదల కోసం తిరిగిన మనిషికి అది దొరికింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఒళ్ళు ఏమీ తేలికపడలేదు.

తర్వాత ఆమె మద్దిలేటి గానుగ దగ్గర సున్నం కలిపే పనికి కుదిరింది. ఊళ్ళలో ఆడవాళ్ళు ఎదురైతే ఇంకా మిద్దెల మరమ్మతు సంగతులు అడిగేవాళ్ళు. తనకు ఆ మాటలు మాట్లాడే హక్కు లేదని చెప్పి తప్పుకునేది. కొందరికి అది పొగరులా కనిపించేది.

అక్కమ్మ లేచి నడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మేరాజ్ బీ గానుగ పని ముగించుకుని రోజు మార్చి రోజు కొండ దాటేది. మొదటి రెండుసార్లు అక్కమ్మ మొగుడు వాకిట్లోంచే పొమ్మన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళేది కాదు. దొడ్డి వైపు నుంచి వచ్చి గొడ్లకు నీళ్ళు తెచ్చిపోసి, మేత కోసుకొచ్చి వేసి, పేడ ఎత్తి వెళ్ళిపోయేది. పంచలో మంచం మీద నుంచి అక్కమ్మ చూస్తూ ఉండేది. ఒక్క మాట మాట్లాడింది లేదు. మాట్లాడుతుందని మేరాజ్ బీ కూడా ఎదురుచూడలేదు. సంక్రాంతి దాటాక ఒకరోజు వచ్చేసరికి అక్కమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటూ గాటి దగ్గర నిలబడి, తనే ఎద్దుకు గడ్డి వేస్తోంది. మేరాజ్ బీ గడ్డి మోపు తడిక పక్కన దించి, కొంగుతో ముఖం తుడుచుకుని వెనుదిరిగింది.